నీలగిరి తైలం

యూకలిప్టస్ చెట్టు ఆకుల నుంచి ఆవిరితో తీసే సుగంధ తైలాన్ని మన ఇళ్లలో నీలగిరి తైలం అంటారు. నీళ్లలా పల్చగా, రంగు లేకుండానో లేత పసుపు ఛాయలోనో ఉంటుంది. మూత తీయగానే కర్పూరాన్ని తలపించే ఘాటు ముక్కుకు తగులుతుంది. జలుబుకు రుమాలు మీద రెండు చుక్కలు, ఒళ్లునొప్పులకు కొబ్బరినూనెలో కాస్త, తలనొప్పి బామ్‌లో మరికాస్త, ఇలా ఏదో ఒక రూపంలో ఇది లేని తెలుగిల్లు అరుదు. ఊటీ వెళ్లొచ్చినవాళ్లు చాక్లెట్లు, టీపొడితో పాటు ఒక సీసా తేవడం ఎప్పటినుంచో ఉన్న రివాజు. అయితే ఆ సీసాలో ఉన్నది ఏ చెట్టు నూనె, అందులో ఏ పదార్థం ఎంత ఉంది, దాన్ని ఎంతవరకు వాడవచ్చు అన్న సంగతులు తెలిసినవాళ్లు తక్కువ. పీల్చడానికీ, కలిపి పూయడానికీ పనికొచ్చే ఈ నూనె ఒక చెంచాడు పసిపిల్లల కడుపులోకి వెళ్తే విషమవుతుంది. ఈ వ్యాసంలో భద్రతకు ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం అదే.

చెట్టు, జాతులు

జామ, నేరేడు, లవంగం చెట్ల కుటుంబానికే యూకలిప్టస్ కూడా చెందుతుంది. ఇందులో ఏడు వందలకు పైగా జాతులున్నాయి. కొద్దిపాటివి తప్ప అన్నీ ఆస్ట్రేలియా ఖండంలో పుట్టినవే. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని చుక్కలు కనబడతాయి. అవే నూనె గ్రంథులు. పురుగులూ మేత జంతువులూ ఆకు జోలికి రాకుండా చెట్టు తయారు చేసుకున్న రక్షణ ఆ నూనె. కోలా అనే ఆస్ట్రేలియా జంతువు మాత్రం దాన్ని విరిచేసే శక్తి ఉన్న కాలేయంతో ఈ ఆకులే తిని బతుకుతుంది. మనిషి కాలేయానికి అంతటి సామర్థ్యం లేదు.

అన్ని జాతుల ఆకుల్లోనూ ఒకే నూనె ఉండదు. వ్యాపారానికి పనికొచ్చేవి ఇరవైకి మించవు. వాటి నూనెలు మూడు రకాలుగా విడిపోతాయి. మొదటిది మందుల నూనె. ఇందులో 1,8-సినియోల్ అనే పదార్థం ప్రధానం. యూకలిప్టస్ గ్లోబ్యులస్, స్మితియై, పాలీబ్రాక్టియా జాతుల నుంచి ఇది వస్తుంది. రెండోది పరిమళ నూనె. నిమ్మవాసన వేసే సిట్రియోడోరా జాతి ఆకుల్లో సిట్రొనెలాల్ మూడింట రెండు వంతులు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. 1995లో వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టును యూకలిప్టస్ నుంచి విడదీసి కొరింబియా అనే ప్రజాతిలో చేర్చారు గానీ, బజారులో పాత పేరే నడుస్తోంది. మూడోది పరిశ్రమల నూనె. డైవ్స్ జాతి నుంచి వచ్చే ఈ రకంలో పిపరిటోన్, ఫెలాండ్రీన్ ఎక్కువ. సీసా మీద ఉత్త యూకలిప్టస్ నూనె అని రాసి ఉంటే ఈ మూడింట్లో ఏదో ఒకటని మాత్రమే అర్థం.

ఆస్ట్రేలియా నుంచి ఊటీ దాకా

ఆస్ట్రేలియా ఆదివాసులు ఈ ఆకులను గాయాలకూ జ్వరాలకూ తరతరాలుగా వాడేవారు. 1788లో తొలి బ్రిటిష్ నౌకలతో సిడ్నీ చేరిన వైద్యులు అక్కడి పిప్పరమెంటు వాసన గల ఒక జాతి ఆకుల నుంచి కొద్దిగా నూనె తీసి కడుపునొప్పికి వాడి చూశారు. అదే ఏడాది ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే ఈ ప్రజాతికి యూకలిప్టస్ అని పేరు పెట్టాడు. నూనెను వ్యాపారంగా మార్చినవాడు జోసెఫ్ బోసిస్టో. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన ఈ మందుల వ్యాపారి 1852లో విక్టోరియా రాష్ట్రంలోని డాండెనాంగ్ వాగు ఒడ్డున బట్టీ పెట్టాడు. అతణ్ని ప్రోత్సహించిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ ఈ చెట్టు విత్తనాలను ప్రపంచమంతా పంచాడు. ఆకుల గాలి మలేరియాను తరిమేస్తుందన్న నమ్మకంతో రోము నగర శివార్లలోని ట్రె ఫాంతానె మఠంలో సన్యాసులు వేల మొక్కలు నాటారు. చెట్ల వేర్లు చిత్తడి నేలను కొంత ఆరబెట్టి ఉండవచ్చు. మలేరియాను మోసేది దోమ అని తేలాక ఆకుల గాలి మీద నమ్మకం పోయింది. ఈ నూనె చుట్టూ అప్పుడు అల్లుకున్న అతిశయాల్లో కొన్ని మాత్రం ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

భారతదేశానికి ఈ చెట్టు మొదట టిప్పు సుల్తాన్ కాలంలో, 1790 ప్రాంతంలో, నంది కొండల మీది తోటకు వచ్చిందని చెబుతారు. నీలగిరుల్లో 1843లో నాటడం మొదలైంది. ఉదకమండలం, కూనూరుల్లో స్థిరపడిన ఆంగ్లేయులు చలికి కాచుకునే వంటచెరకు కోసం అక్కడి సహజమైన షోలా అడవులను నరికేస్తుంటే, త్వరగా ఎదిగే ప్రత్యామ్నాయంగా బ్లూగమ్ అనే గ్లోబ్యులస్ జాతిని పెంచారు. నూనె తర్వాత వచ్చిన లాభం. గ్లోబ్యులస్‌కు చల్లని కొండ వాతావరణం కావాలి, మన మైదానాల ఎండకు నిలవదు. అందుకే దేశంలో మందుల నూనెకు నీలగిరులే పుట్టిల్లయ్యాయి, నూనెకు ఆ కొండల పేరే స్థిరపడింది.

తెలుగు నేల మీద పెరిగేది వేరే చెట్టు. ప్రకాశం, ఖమ్మం జిల్లాల మెట్ట పొలాల్లో కనిపించే జామాయిల్ తోటలు ఎక్కువగా టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ జాతులవి, వాటి సంకరాలవి. కాగితం మిల్లులకు గుజ్జు కోసం వీటిని పెంచుతారు. సారపాకలోని కాగితం మిల్లు ఎంపిక చేసి అభివృద్ధి చేసిన క్లోన్ మొక్కలతో ఈ సాగు బాగా విస్తరించింది. ఈ ఆకులోనూ నూనె ఉంది గానీ పాలు తక్కువ, చెట్టుకూ చెట్టుకూ గుణం మారుతుంది. జలుబు చేస్తే పల్లెల్లో జామాయిల్ ఆకు మరిగించి ఆవిరి పట్టడం ఉన్నదే. ఆ ఆవిరిలో ఉండే నూనె సీసా నూనెతో పోలిస్తే చాలా పల్చన. ఆకు వేసిన చోట సీసాలోంచి అదే అంచనాతో నూనె ఒంపడం పెద్ద పొరపాటు.

నూనె తీసే తీరు

నీలగిరి బట్టీల్లో రాలిన ఆకులను, నరికిన చెట్ల కొమ్మల ఆకులను పెద్ద పాత్రలో కుక్కి, నీళ్లు పోసి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి ఆకుల్లోంచి దూసుకు వెళ్తూ గ్రంథుల్లోని నూనెను తనతో మోసుకుపోతుంది. గొట్టం చన్నీళ్లలో నుంచి సాగేటప్పుడు ఆవిరి నీరై, నూనెతో కలిసి కింది పాత్రలో పడుతుంది. నూనె నీటికన్నా తేలిక కాబట్టి పైన తేలుతుంది, తేట తీసుకుంటారు. పెద్ద ఫ్యాక్టరీల్లో బాయిలర్ నుంచి పొడి ఆవిరిని పంపుతారు, సూత్రం ఇదే. గ్లోబ్యులస్ ఆకు నూరు కిలోలకు దక్కేది ఒకటి నుంచి రెండు కిలోల లోపు నూనె.

అలా వచ్చిన ముడి నూనెలో దగ్గు పుట్టించే కొన్ని ఆల్డిహైడ్లు ఉంటాయి. మందులకు వాడేముందు మరోసారి స్వేదనం చేసి వాటిని తీసేస్తారు. ఇలా శుద్ధి చేసిన నూనెలో సినియోల్ శాతం కూడా పెరుగుతుంది. ఔషధ ప్రమాణ గ్రంథాలు కనీసం 70 శాతం సినియోల్ ఉండాలంటాయి.

ఈ నూనె ఉత్పత్తిలో నేడు అగ్రస్థానం చైనాది. అక్కడ కర్పూరం చెట్టు నూనె నుంచి వేరు చేసిన సినియోల్ పాలు కూడా యూకలిప్టస్ నూనె పేరుతో ఎగుమతి అవుతాయి. సినియోల్ ఎక్కడిదైనా సినియోలే కాబట్టి దానివల్ల ప్రాణాపాయం లేదు. కానీ నీలగిరి ఆకు నూనె అని ధర చెల్లించేవారికి ఆ సంగతి తెలియాలి.

గుణాలు

1,8-సినియోల్‌ను 1870లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు క్లోయెజ్ గుర్తించి యూకలిప్టాల్ అన్నాడు. ఒక్కో అణువులో పది కార్బన్, పద్దెనిమిది హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులుంటాయి. ఇది 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఒకటిన్నర డిగ్రీ దగ్గర గడ్డకడుతుంది. గ్లోబ్యులస్ నూనెలో దీని తర్వాత చెప్పుకోదగ్గవి ఆల్ఫా-పైనీన్, లిమొనీన్, పారా-సైమీన్. మంచి నూనె సాంద్రత 0.906 నుంచి 0.927 మధ్య, వక్రీభవన గుణకం 1.458 నుంచి 1.470 మధ్య ఉంటుంది. సినియోల్ శాతాన్ని ఇప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలుస్తారు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి గాలికి ఆరనివ్వాలి. అసలు నూనె ఎగిరిపోయి మరక దాదాపు మిగలదు. జిడ్డు మరక నిలిచిపోతే వంటనూనెతోనో మినరల్ ఆయిల్‌తోనో కల్తీ అయిందని అనుమానించాలి. కానీ టర్పెంటైన్ కలిపితే ఈ పరీక్ష పట్టుకోలేదు.

నీళ్లలో ఈ నూనె కరగదు. ఆల్కహాల్‌లో, ఇతర నూనెల్లో కరుగుతుంది. గ్రీజును, జిగురును, తారును కరిగిస్తుంది. కొన్ని రకాల ప్లాస్టిక్‌నూ మెత్తబరుస్తుంది. దీని ఆవిరి సుమారు 50 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి పొయ్యి పక్కన, దీపం దగ్గర ఉంచకూడదు.

వాడుకలు

మందుల రంగంలో దీనిది పెద్ద వాటా. దగ్గు బిళ్లల్లో, నొప్పులకు పూసే లేపనాల్లో, ముక్కుదిబ్బడ మందుల్లో ఉంటుంది. విక్స్ వేపోరబ్‌లో కర్పూరం, మెంథాల్‌తో పాటు ఉన్న మూడో పదార్థం ఇదే. లిస్టరిన్ వంటి నోరు పుక్కిలించే ద్రవాల్లో యూకలిప్టాల్ స్వల్పంగా ఉంటుంది. దంతవైద్యులు పంటి వేరు చికిత్సలో వేరులో నింపిన పాత గట్టాపెర్చా అనే పదార్థాన్ని మెత్తబరచడానికి దీన్ని వాడతారు. ఆస్ట్రేలియాలో ఉన్ని దుస్తులు ఉతికే ద్రావణాల్లో కలుపుతారు. స్టిక్కర్ల జిగురు, తారు మరకలు వదిలించడానికి ఇది నిజంగా మంచి సాధనం.

పాఠకులకు కొత్తగా తోచే వాడుక గనుల్లోది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల్లో సీసం, జింకు ఖనిజాలను రాతిపొడి నుంచి వేరుచేయడానికి నురుగు పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ నురుగు పుట్టించడానికి టన్నులకొద్దీ యూకలిప్టస్ నూనె వాడారు. మందుల షాపుల్లో అమ్ముడయ్యే దానికి ఎన్నో రెట్లు అప్పట్లో గనులకే వెళ్లింది.

దోమల సంగతి విడిగా చెప్పాలి. మామూలు నీలగిరి తైలం పూసుకుంటే దోమలు కాసేపు దూరంగా ఉంటాయి, అంతే. దోమల నివారణకు అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది సిట్రియోడోరా నూనె నుంచి ప్రత్యేకంగా తయారుచేసే పి.ఎం.డి. అనే పదార్థం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సిఫారసు చేసే దోమల మందుల్లో అది ఒకటి. మూడేళ్ల లోపు పిల్లలకు దాన్నీ వాడవద్దంటారు. పి.ఎం.డి. ఉన్న మందుకూ, ముడి నిమ్మవాసన నూనెకూ గుణంలో చాలా తేడా. డెంగీ కాలంలో రెండోదాన్ని నమ్ముకుని దోమతెర మానేయకూడదు.

జలుబుకు ఎంత పనిచేస్తుంది?

పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం అందరి అనుభవం. మెంథాల్, కర్పూరం, యూకలిప్టస్ ఆవిర్లు పీల్పించి ముక్కులో గాలి ప్రవాహాన్ని కొలిచిన ప్రయోగాల్లో ప్రవాహం దాదాపు మారలేదు, హాయి మాత్రం పెరిగింది. చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను ఈ పదార్థాలు తట్టిలేపుతాయి, ఊపిరి ధారాళంగా ఆడుతోందని మెదడు భావిస్తుంది. రాత్రి నిద్రపట్టక అల్లాడే జలుబు మనిషికి ఆ హాయి చిన్న విషయం కాదు. కానీ అది వ్యాధి తగ్గడం కాదని గుర్తుంచుకోవాలి.

సినియోల్‌ను మందుగా లోపలికి ఇచ్చి చేసిన జర్మన్ పరిశోధనలు మరో దారిలో సాగాయి. 2003లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో స్టెరాయిడ్లు తప్పనిసరైన 32 మంది ఉబ్బస రోగుల్లో కొందరికి రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల శుద్ధ సినియోల్ గుళికలు ఇస్తే, వారి స్టెరాయిడ్ మోతాదు ఉత్తుత్తి గుళికలు వాడినవారికన్నా బాగా తగ్గించగలిగారు. 2004లో సైనసైటిస్ మీద, 2009లో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి మీద జరిగిన అధ్యయనాల్లోనూ మేలు కనిపించింది. వాపును తగ్గించే గుణం సినియోల్‌కు ఉందనడానికి ఇవి గట్టి సూచనలే. ఇవన్నీ శుద్ధమైన పదార్థంతో, కొలిచిన మోతాదుతో, వైద్యుల పర్యవేక్షణలో జరిగినవి. వాటి ఫలితాలు చూసి సీసాలోని నూనెను పంచదారలో వేసుకుని మింగడం ఎంతమాత్రం సమర్థించుకోలేని పని.

అపాయాలు

ప్రమాదం ప్రధానంగా కడుపులోకి వెళ్లినప్పుడు. నోరు, గొంతు మండడం, వాంతులు మొదట కనబడతాయి. తర్వాత మగత, నడక తూలడం, మాట ముద్దగా రావడం, కంటిపాపలు చిన్నబడటం, ఫిట్స్, స్పృహ తప్పడం. అరగంటలోపే మొదలు కావచ్చు, కొందరిలో నాలుగు గంటలదాకా ఆలస్యం కావచ్చు. రెండు మూడు మిల్లీలీటర్లకే పసివాళ్లకు మగత కమ్ముతుంది. ఐదు మిల్లీలీటర్లు దాటితే, అంటే ఒక టీ స్పూను, స్పృహ కోల్పోయే స్థితి. పెద్దవాళ్లు కూడా ఈ కాస్త మోతాదుకే చనిపోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. మన బజారులో దొరికే 30 మిల్లీలీటర్ల బుల్లి సీసాలో ఇలాంటి మోతాదులు ఆరు.

1995లో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన మెల్‌బోర్న్‌లో ఈ నూనె తాగి ఆసుపత్రిలో చేరిన 109 మంది చిన్నపిల్లల వివరాలు నమోదు చేసింది. సగానికి పైగా పిల్లల్లో లక్షణాలు కనిపించాయి. వారిలో చాలామంది తాగింది ఇంట్లో ఆవిరి యంత్రం కోసం పెట్టిన ద్రావణం. ఎవరో నిర్లక్ష్యంగా వదిలేసిన విషం కాదది, పిల్లల జలుబు తగ్గాలనే తల్లిదండ్రులు మంచం పక్కన పెట్టుకున్న మందు.

మనకు మరింత దగ్గరి సంగతి మూర్ఛ. దక్షిణ భారతంలోని నాలుగు ఆసుపత్రుల నాడీ వైద్యులు నాలుగేళ్ల పాటు మూర్ఛతో వచ్చిన 350 మందిని ఆరా తీస్తే, 55 మందిలో యూకలిప్టస్, కర్పూరం నూనెలున్న లేపనాలు లేదా ఆవిర్లకూ మూర్ఛకూ సంబంధం కనిపించింది. కొందరు అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ ఎరుగనివారు. మరికొందరు మందులతో అదుపులో ఉన్న మూర్ఛ రోగులు. తాగినవారే కాదు, పూసుకున్నవారూ పీల్చినవారూ అందులో ఉన్నారు. కరోనా రెండో అల సమయంలో కర్పూరం, వాము, నీలగిరి తైలం చుక్కలు గుడ్డలో మూటకట్టి ముక్కు దగ్గర పెట్టుకోమన్న సందేశాలు ఊరూరా తిరిగాయి. దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. మూర్ఛ ఉన్నవారికి, ఒకప్పుడు వచ్చి తగ్గినవారికి ఆ మూట హాని. అటువంటివారు ఈ నూనెలకు, కర్పూరం బామ్‌లకు పూర్తిగా దూరంగా ఉండటమే మంచిది.

పసిపిల్లల విషయంలో ఐరోపా ఔషధ సంస్థ స్పష్టంగా ఉంది. రెండున్నరేళ్ల లోపు పిల్లలకు యూకలిప్టస్ నూనె వాడకూడదు. ఘాటు గొంతులోని స్వరపేటికను బిగుసుకునేలా చేసి ఊపిరి ఆగేంత ప్రమాదం తెచ్చే అవకాశం ఉంది. ముక్కు రంధ్రాల్లో, ముక్కు కింద పూయడం ఏ వయసు పిల్లలకైనా తగదు. బిడ్డకు జలుబు చేసిందని దిండు మీద, చొక్కా మీద చిలకరించే అలవాటును కూడా అమ్మమ్మలు, నాయనమ్మలు మానుకోవాలి. ఉప్పునీటి చుక్కలు, తగినంత పాలు, నీళ్లు బిడ్డకు ఇంతకన్నా మేలు చేస్తాయి.

చర్మం మీద ఈ నూనెను నేరుగా పూస్తే మంట, దద్దురు రావచ్చు. పెద్దవాళ్లు వంద మిల్లీలీటర్ల కొబ్బరినూనెకో నువ్వులనూనెకో రెండు మిల్లీలీటర్లు కలుపుకుంటే చాలు. మొదట మోచేతి లోపలి వైపు కాస్త పూసి ఒక రోజు చూడాలి. కళ్లకు, పుండ్లకు, చీరుకుపోయిన చోట తగలనివ్వకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు లోపలికి తీసుకోవడం అసలే వద్దు, పైపూతకైనా వైద్యుల్ని అడగాలి. ఉబ్బసం ఉన్న కొందరికి ఘాటు వాసనే ఆయాసం తెప్పిస్తుంది.

ఆవిరి పట్టేటప్పుడు నూనెకన్నా వేడినీళ్ల వల్లే ఎక్కువమంది గాయపడతారు. మరిగే గిన్నెను మంచం మీద, ఒడిలో పెట్టుకోకూడదు. పొయ్యి మీంచి దించి, కాసేపు ఆగి, నేల మీద కదలని చోట పెట్టుకుని, రెండు మూడు చుక్కలు మించకుండా వేసి, కళ్లు మూసుకుని పీల్చాలి. పిల్లలకు ఈ పద్ధతి వద్దు. ఆవిరి యంత్రంలో నూనె పోయవచ్చో లేదో దాని కరపత్రంలో చూసుకోవాలి.

తాగితే ఏం చేయాలి

వాంతి చేయించకూడదు. నూనె పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియాకు దారితీస్తుంది. ఉప్పునీళ్లు, గుడ్డు సొన, చింతపండు పులుసు వంటి ఇంటి చిట్కాలు ఏవీ వద్దు. నోరు తుడిచి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. సీసాను వెంట తీసుకెళ్లాలి, ఎంత తాగి ఉండవచ్చో చెప్పగలగాలి. పిల్లవాడు ఆ క్షణంలో ఆడుకుంటున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే లక్షణాలు ఆలస్యంగా రావచ్చు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఊపిరి, మెదడు, గుండె నిలకడగా ఉండేలా కనిపెట్టి చూడటమే చికిత్స. సకాలంలో చేరిన పిల్లలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. వైద్యులకు సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉంది.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

చెట్టు జాతి పేరు, సినియోల్ శాతం, తయారీ తేదీ, తయారీదారు చిరునామా ముద్రించిన సీసానే కొనాలి. ముదురు రంగు గాజు సీసా మంచిది. గాలి, వెలుతురు తగిలి పాతబడిన నూనెలోని కొన్ని పదార్థాలు ఆక్సీకరణ చెంది చర్మానికి ఎక్కువ చికాకు కలిగిస్తాయి. జిగురు తేలిన, వాసన మారిన నూనెను ఒంటికి పూయకుండా మరకలు తుడవడానికి వాడుకోవచ్చు. శీతల పానీయాల సీసాలోకో, మందు ద్రావణాల సీసాలోకో ఎన్నడూ మార్చి పోయకండి. చుక్కలుగా మాత్రమే రాలే మూత, పిల్లలు తిప్పలేని మూత ఉన్న సీసాను ఎంచుకుని, ఇంట్లో పసివాళ్లున్నంత కాలం తాళం వేసిన అరలో పెట్టండి.